మా లెక్క ఎవరు రాశారు?

సీమలోని ఒక విశ్వవిద్యాలయంలో డిగ్రీ పిల్లల సామాజికశాస్త్ర సదస్సు జరిగింది. పీహెచ్‌డీలు చేసే వాళ్ళది కాదు. బి.ఎ. చదివే పిల్లలు తామే ఊళ్ళు తిరిగి, తామే రాసుకుని, తామే చదివే సదస్సు. కర్నూలు నుంచీ కడప నుంచీ మా పిల్లలు కూడా కొందరొచ్చారు. పిలుపు లేకపోయినా మేము పోయి వెనక బెంచీల్లో కూర్చున్నాం. మన పిల్లలు మైకు ముందు నిలబడి పేపర్ చదవడం రోజూ చూసేది కాదు కదా.

కడప దిక్కు నుంచి వచ్చిన ఒక అమ్మాయి రోళ్ళకు కక్కు కొట్టే సాయిబుల మీద పేపర్ చదివింది. వాళ్ళ దాదా ఉలీ సుత్తీ సంచిలో వేసుకుని ఊరూరూ తిరిగిన మనిషి. తిరగలి రాయి నున్నబడితే పిండి పడదు, దాన్ని మళ్ళీ గరుకు చెయ్యాలి. సన్నికల్లుకీ రోలుకీ అంతే. ఆ పని చేసే సాయిబులు ఈ రెండు జిల్లాల్లో ఊరూరా తిరిగేవాళ్ళు. మిక్సీలొచ్చాక, గ్రైండర్లొచ్చాక ఏమయ్యారు? ఇదీ ఆమె ప్రశ్న. తన వీధిలో ప్రతి ఇంటికీ పోయి అడిగింది. కొందరు బేతంచెర్ల, ఎర్రగుంట్ల దిక్కున నాపబండల పనిలో చేరారు, కొందరు కువైట్‌లో డ్రైవర్లయ్యారు, కొందరు ఏమీ కాలేదు.

ఆమె ముగించగానే ముందు వరుసలోని పెద్దమనిషి ఒకాయన అడిగాడు: "మీ వాళ్ళ మీద మీరే రాస్తే అది పరిశోధన ఎట్లయితాదమ్మా?"

అమ్మాయి జవాబు చెప్పలేదు. కాగితాలు మడుచుకుని వచ్చి కూర్చుంది. ఆయన చెడ్డవాడేం కాదు, ఏదో పుస్తకంలో చదివింది అడిగాడు. కానీ మాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే మా మీద రాతలు మొదలై రెండు వందల ఏళ్ళు దాటాయి. అన్నాళ్ళలో రాసిన ఏ దొరనూ, ఏ పంతులునూ ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు.

కొంచెం వెనక్కి పోదాం. 1800లో నిజాం ఈ సీమను కుంపిణీకి దత్తం చేశాడు. దత్త మండలాలన్న పేరు అట్లా వచ్చింది, రాయలసీమ అన్న పేరు 1928 నంద్యాల సభలో పుట్టింది. దత్తం వచ్చిన నేలకు మన్రో దొర మొదటి ప్రిన్సిపల్ కలెక్టరై 1807 దాకా ఉన్నాడు. ఆయన కొలిచింది భూమిని. మనుషులు ఆ కొలతలో శిస్తు కట్టే చేతులుగానే కనపడతారు. కడప నవాబులు మయానా పఠాన్లు, అంతకు ముందే ఓడిపోయి పోయారు. కర్నూలు నవాబు మాత్రం కుంపిణీకి కప్పం కడుతూ ఇంకా నలభై ఏళ్ళు నిలిచాడు.

1839లో కర్నూలులో మాకు మొదటి 'సర్వే' జరిగింది. దాన్ని సర్వే అనడం మా ఎత్తిపొడుపే. నవాబు గులాం రసూల్ ఖాన్ వహాబీ కుట్రలో ఉన్నాడని అనుమానించి కుంపిణీ సైన్యం కోటలోకి వచ్చింది. ఫిరంగులు ఎన్ని, తుపాకులు ఎన్ని, మందుగుండు ఎంత అని లెక్క రాసుకుంది. హంద్రీ అవతల జోహరాపురం దగ్గర నవాబు పట్టుబడ్డాడు. తిరుచిరాపల్లికి తీసుకుపోయారు, మరుసటేడు అక్కడే హత్యకు గురయ్యాడు. ఆయన మంచి పాలకుడని మేము వాదించబోవడం లేదు. ఆయన కింద రైతులు పడ్డ బాధల కథలు కర్నూలు జిల్లాలో ఉన్నాయి, ఆ రైతుల్లో ముస్లింలు లేరని ఎవరన్నారు? మేము చెప్పేది ఒకటే: కర్నూలు సాయిబుల గురించి తెల్లదొరల కాగితాల మీద గట్టిగా పడిన మొదటి లెక్క ఆయుధాల లెక్క. ఆ లెక్క ఇంకా పూర్తిగా చెరిగిపోలేదు.

తర్వాత మాన్యువళ్ళ కాలం. 1875లో గ్రిబుల్ దొర కడప జిల్లా మాన్యువల్ రాశాడు. 1886లో నరహరి గోపాలకృష్ణమ చెట్టి గారు కర్నూలు మాన్యువల్ రాశారు. చెట్టిగారు దొర కాదు, మన మనిషే, ఆ మాన్యువల్ లేకపోతే కర్నూలు చరిత్ర సగం చీకట్లో ఉండేది. 1915లో బ్రాకెన్‌బరీ కడప గెజిటీరు వచ్చింది. ఈ రెండింటి మధ్య 1909లో థర్‌స్టన్ ఏడు సంపుటాలు వచ్చాయి. థర్‌స్టన్ మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు. కులాలవారీగా మనుషుల ముక్కులూ తలలూ పరికరాలు పెట్టి కొలిచినవాడు. దూదేకుల వాళ్ళ గురించి ఆయన పుస్తకంలో ఉంది. వాళ్ళ ఆచారాల్లో ఏది హిందువులది, ఏది ముస్లింలది అన్న తూకమే అందులో పెద్ద విషయం. ఆ తూకం వేసే వాళ్ళకు తట్టనిది ఏమిటంటే, దూదేకుల ఇంట్లో అది రెండు ముక్కలు కాదు. దూదిని ఏకి, పరుపు కుట్టి, తెలుగులో మాట్లాడి, పీర్లను ఎత్తుకుని, నమాజుకు పోయే ఒకే బతుకు. పోతులూరి వీరబ్రహ్మం శిష్యుడు సిద్ధయ్య దూదేకుల వాడేనని సీమలో పసిపిల్లలకు కూడా తెలుసు.

ఇక్కడ మా తప్పు కూడా చెప్పుకోవాలి, లేకపోతే ఈ వ్యాసం రాయడం దండగ. 'తురకలు లేని ఊళ్ళో దూదేకులవాడే ముల్లా' అన్న సామెత హిందువుల ఇళ్ళలో ఎంత వినపడుతుందో, ఉర్దూ మాట్లాడే మా ఇళ్ళలోనూ అంతే వినపడింది. తెలుగు మాట్లాడతాడు కాబట్టి దూదేకుల వాడు సగం ముస్లిం. పిల్లనియ్యరు, పిల్లను చేసుకోరు. మసీదులో ఒకే సఫ్‌లో నిలబడి బయటికొచ్చాక వేరు వేరు గడపలు ఎక్కుతారు. థర్‌స్టన్ బయటినుంచి వేసిన తూకాన్నే మేము లోపలినుంచి వేశాం.

1947లో కర్నూలులో ఉస్మానియా కాలేజీ వచ్చింది. డాక్టర్ అబ్దుల్ హక్ పుణ్యం అది. సీమలో మా పిల్లలు డిగ్రీ గడప తొక్కడానికి ఆ కాలేజీ ఎంత చేసిందో వేరే రాయాల్సిన కథ. ఆయన పేరు మీదే 2016లో కర్నూలులో ఉర్దూ విశ్వవిద్యాలయం వచ్చింది. అంతకు ముందు 2006లో కడపకు యోగి వేమన విశ్వవిద్యాలయం, 2008లో కర్నూలుకు రాయలసీమ విశ్వవిద్యాలయం వచ్చాయి. అంటే కడప పిల్ల కడపలోనే, కర్నూలు పిల్లవాడు కర్నూలులోనే యూనివర్సిటీ చదువు చదవడమన్నది నిన్నమొన్నటి మాట.

మరి కాలేజీకి పోయిన పిల్లలకు సామాజికశాస్త్రం ఏం చెప్పింది? వివాహం అనే పాఠం తెరిస్తే హిందూ వివాహం సంస్కారం, ముస్లిం వివాహం ఒప్పందం. తర్వాత మెహర్, తలాఖ్, బహుభార్యాత్వం, పరదా. అయిపోయింది. క్లాసులో నలభైమంది మధ్య కూర్చున్న మా అమ్మాయి తన అమ్మీ అబ్బాల సంసారాన్ని ఆ నాలుగు మాటల్లో చదువుకుని, అదే పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకోవాలి. బీడీలు చుట్టే అమ్మీ ఆ పాఠంలో లేదు. కువైట్ నుంచి అబ్బా పంపే డబ్బుకోసం బ్యాంకు ముందు నిలబడే అమ్మీ లేదు. ఇక కులం అనే పాఠంలో మేము అసలే లేము. ఇస్లాంలో కులం లేదు అని ఒక వాక్యంతో సరి. మతగ్రంథంలో లేని మాట నిజమే. మరి వీధిలో? గౌస్ అన్సారీ 1960లోనే ఉత్తరప్రదేశ్ ముస్లింల కులాల మీద పుస్తకం రాశారు. ఇంతియాజ్ అహ్మద్ 1973లో భారత ముస్లింలలో కులం మీద వ్యాసాల సంపుటి తెచ్చారు. మన దగ్గర శామీర్‌పేట మీద ఎస్.సి. దూబే 1955లో రాసిన గ్రామ అధ్యయనంలో ముస్లింలు ఊరి మనుషులుగా కనపడతారు. ఇవన్నీ ఉండీ మా బి.ఎ. పాఠానికి ఆ ఒక్క వాక్యమే అందింది.

పుస్తకం లేదన్న కులాన్ని ప్రభుత్వం మాత్రం అవసరం వచ్చినప్పుడల్లా వెతికింది. 1970లో అనంతరామన్ కమిషన్ నివేదిక వచ్చాక దూదేకుల, నూర్‌బాషా, పింజారి బీసీ జాబితాలో చేరారు. మెహతర్ ముస్లింలూ చేరారు. మిగిలిన వాళ్ళంతా ముస్లిం అనే ఒక్క మూటలో ఉండిపోయారు. ఆ మూటలో జాగీర్లు తిన్నవాడూ ఉన్నాడు, రోళ్ళకు కక్కు కొట్టేవాడూ ఉన్నాడు.

2004లో ఆ మూటకంతా అయిదు శాతం అని ప్రభుత్వం జీవో ఇచ్చింది. అదే ఏడు సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది. 2005లో చట్టం చేస్తే మళ్ళీ కొట్టేసింది. 2006లో సచార్ కమిటీ దేశమంతటా మా స్థితి ఏమిటో అంకెల్లో పెట్టింది. అప్పుడు మాజీ అధికారి పి.ఎస్. కృష్ణన్ వచ్చి మూట విప్పి చూశారు. 2007 చట్టంలో బీసీ-ఇ అనే కొత్త పెట్టె వచ్చింది, నాలుగు శాతం. అందులో పేర్లు చదివితే అదొక సీమ సంత లాగుంటుంది. అచ్చుకట్లవాళ్ళు, అత్తరు సాయిబులు, ధోబీ ముస్లింలు, ఫకీర్లు, గారడీ సాయిబులు, గుడ్డి ఎలుగువాళ్ళు, కీలుగుర్రాల వాళ్ళు, హజ్జాములు, లబ్బీలు, బోరేవాలేలు, ఖురేషీలు, షేకులు, సిద్దీలు. వాటితో పాటు తురక కాశ. ఈ తురక కాశకే ఆ జాబితాలో ఇంకా పేర్లున్నాయి: కక్కుకొట్టే జింక సాయిబులు, చక్కీ టకానేవాలే, తిరగటి గంట్లవారు, రోళ్ళకు కక్కు కొట్టేవారు, పత్తర్ ఫోడులు. మైకు ముందు నిలబడిన ఆ అమ్మాయి దాదా ఇన్ని పేర్లతో అక్కడున్నాడు. మన్రో లెక్కలో శిస్తు కట్టే చెయ్యి, ఇక్కడ మొదటిసారి పనితో సహా మనిషి.

2010 ఫిబ్రవరిలో ఏడుగురు జడ్జీల ధర్మాసనం అయిదుగురు ఒక వైపు, ఇద్దరు ఒక వైపు అయ్యి ఆ చట్టాన్నీ కొట్టేసింది. ఎందుకు? చెప్పిన కారణాల్లో ఒక ముఖ్యమైనది, కమిషన్ చేసిన సర్వే శాస్త్రీయంగా లేదని. మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి, అసలు వివాదాన్ని రాజ్యాంగ ధర్మాసనానికి పంపింది. ఆ ఉత్తర్వు నీడలోనే కర్నూలు మెడికల్ కాలేజీలో, కడప రిమ్స్‌లో మా పిల్లలు సీట్లు తెచ్చుకున్నారు.

ఇప్పుడు చెప్పండి. శాంపిల్ అనే మాట ఇంకొకరికి పరీక్షలో అయిదు మార్కుల ప్రశ్న కావచ్చు. మాకది అన్నం ముద్ద. ఎన్ని ఇళ్ళు తిరిగారు, ఎవర్ని అడిగారు, ఏ పద్ధతిలో అడిగారు అన్నదాని మీద మా పిల్లల సీట్లు కోర్టులో వేలాడాయి. ఆ ఇళ్ళు తిరగడానికి ఆ ఇళ్ళ పిల్లలకంటే అర్హులు ఎవరు? ఏ తలుపు ఏ పొద్దున తెరుచుకుంటుందో, ఏ ప్రశ్న నాని ముందు అడగకూడదో తెలిసిన వాళ్ళు వాళ్ళే కదా.

ఈ మాట మేము కొత్తగా కనిపెట్టలేదు. అమెరికాలో డుబాయిస్ అనే నల్లజాతి పండితుడు 1896, 97లలో ఫిలడెల్ఫియా ఏడో వార్డులో ఇంటింటికీ తిరిగి తన వాళ్ళ బతుకుల్ని లెక్క రాశాడు. 1899లో అది పుస్తకమైంది. తర్వాత అట్లాంటా విశ్వవిద్యాలయానికి పోయి, అక్కడ 1896లోనే మొదలైన సాలు సదస్సుల్ని చేతికి తీసుకున్నాడు. ఏడాదికొక విషయం. ఒక ఏడు చదువుకున్న నీగ్రోలు, ఒక ఏడు చేతిపనివాళ్ళు, ఒక ఏడు చర్చి. డబ్బు లేదు, సాయం లేదు. పాత విద్యార్థులూ ఉన్న విద్యార్థులూ వివరాలు సేకరించేవాళ్ళు. బానిసల మనుమలే బానిసల మనుమల గురించి రాశారు. ఇవాళ అమెరికా సామాజికశాస్త్రం తన పుట్టుక గురించి చెప్పేటప్పుడు ఆ సదస్సుల పేరెత్తక తప్పడం లేదు. డిగ్రీ పిల్లల పరిశోధనకు ప్రత్యేకంగా జాతీయ సదస్సు అనేది అక్కడ 1987లో ఆష్‌విల్‌లో మొదలైంది, బ్రిటన్‌లో 2011లో. మన రాష్ట్రంలో 2020-21 నుంచి డిగ్రీ చదువులో పిల్లలు ఊళ్ళోకి పోయి సర్వే చేసే ప్రాజెక్టు తప్పనిసరి చేశారు. కొందరు పిల్లలు చెట్టు కింద కూర్చుని ఫారాలు నింపేస్తున్నారని మాకు తెలుసు. అయినా నూటికి పదిమందైనా నిజంగా తలుపు తడితే అది చిన్న సంగతి కాదు.

ఆ సదస్సులో మేము ఇంకొకటి చూశాం. మా పిల్లాడొకడు ఉగాదికి దేవుని కడప గుడికి ముస్లింలు పోవడం మీద పేపర్ చదివాడు. బీబీ నాంచారమ్మ తమ ఆడబిడ్డ కాబట్టి వెంకటేశ్వరుడు తమ అల్లుడని, ఉగాదినాడు కొబ్బరికాయ తీసుకుపోవడం కడప ముస్లింల్లో తరాలుగా ఉన్న ఆచారం. మంచి పేపరే. హాలంతా చప్పట్లు. ఎవరూ ఆ పిల్లాణ్ణి మీ వాళ్ళ మీద మీరే రాస్తారా అనలేదు. పెద్ద దర్గా మీద రాసినా అంతే, గూగూడు పీర్ల మీద రాసినా అంతే. గూగూడు మీద మా కవి అఫ్సర్ 2013లో రాసిన పరిశోధన గ్రంథం పైపైన చూసి మురిసిపోయేది కాదు, ఆ బాటలో పిల్లలు పోతే మాకు సంతోషమే. కానీ తేడా గమనించారా? సామరస్యం మీద రాస్తే చప్పట్లు. రాతిదుమ్ము మీద రాస్తే ప్రశ్న. గుడికి కొబ్బరికాయ తెచ్చే సాయిబు అందరికీ ముద్దు. అదే సాయిబు బండల మిషను దగ్గర దగ్గుతూ కూర్చుంటే ఆ దగ్గుకు రుజువు కావాలి.

ఆ పెద్దమనిషి ప్రశ్నలో మాత్రం ఒక ముల్లుంది, దాన్ని తీసి పారేయలేం. మన వాళ్ళ మీద మనం రాస్తే దాచుకునే ప్రమాదం ఉంది. మేము ఆ అమ్మాయి పేపర్ తర్వాత తీసుకుని చదివాం. దాదా ఉంది, ఉలి ఉంది, కువైట్ ఉంది. పెళ్ళిళ్ళు లేవు. వాళ్ళను షేకులు ఎట్లా చూస్తారో లేదు, వాళ్ళు మెహతర్లను ఎట్లా చూస్తారో లేదు. జోడే కీ రఖం అనే కట్నం ఎంత పెరిగిందో లేదు. ఆడవాళ్ళు మాట్లాడిన పేజీ ఒక్కటి కూడా లేదు. ఎందుకమ్మా అంటే తల దించుకుని, "వాళ్ళముందర మనల్ని మనమే ఎందుకు తీసేసుకోవాలని చిచ్చా" అంది. ఆ మాటకు మేము కోప్పడలేకపోయాం. ముప్పై ఏళ్ళుగా మేమూ అదే చేశాం. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చిందగ్గర్నుంచి బయటివాళ్ళకు మా గాయం చూపించాం. మాలో మాకున్న గాయాన్ని దుప్పటి కింద పెట్టాం. దూదేకుల కవులూ రచయితలూ వచ్చి ఆ దుప్పటి లాగేదాకా అది అక్కడే ఉంది.

దాస్తే ఏమవుతుందో కూడా చూశాం. మాకు తెలిసిన ఒక ఇంట్లో తండ్రి నాపబండల కూలి. పేరు చివర ఖాన్ ఉంది. సర్టిఫికెట్ కోసం పోతే ఒక ఆఫీసులో పఠాన్లకు వర్తించదు పొమ్మన్నారు. సయ్యద్, మొఘల్, పఠాన్, ఇరానీ, అరబ్, బోహ్రా, ఖోజా, కచ్చీ మెమన్ లాంటి వాళ్ళు బీసీ-ఇ కిందికి రారన్నది చట్టంలోని మాటే. కానీ ఆ తండ్రి తాత పఠానో, పఠాన్ల దగ్గర పనిచేసి పేరు తగిలించుకున్నవాడో చెప్పే కాగితం ఎక్కడుంది? ఎవరూ రాయలేదు. మన వీధుల వంశాలు, పనులు, పేర్లు మనమే రాసిపెట్టుకుని ఉంటే చూపించడానికి ఒక పేజీ అయినా ఉండేది.

కులం లెక్క చివరిసారి పూర్తిగా తీసింది 1931లో. 2025 ఏప్రిల్ 30న కేంద్రం రాబోయే జనగణనలో కులాన్ని కూడా లెక్కిస్తామని ప్రకటించింది. 2011 లెక్కల్లో కర్నూలు, కడప జిల్లాల్లో ఇంచుమించు ఆరుగురిలో ఒకరు ముస్లిం. ఆ ఒకరిలో ఎవరెవరున్నారో ఈసారి ఎన్యూమరేటరు తలుపు తట్టి అడుగుతాడు. కొందరు పెద్దలు కులం గడిలో ఏమీ చెప్పొద్దు, ముస్లిం అనే చెప్పండి అంటున్నారు. కొందరు పిల్లలు దాదా పని ఏమిటో చెప్పండి అంటున్నారు. మేము పిల్లల పక్షం.

సదస్సు అయ్యాక టీ దగ్గర ఆ అమ్మాయి మాతో నిలబడింది. ఆమె పేపర్‌కు బహుమతి రాలేదు. ఆ పెద్దమనిషికి అప్పుడు ఏం చెప్పాలనుకున్నావమ్మా అని అడిగాం. కొంచెం ఆలోచించి, దాదా తిరిగిన ఊళ్ళ పేర్లు చెప్పమంటే అరవై దాకా చెప్పాడని, ఏ ఊళ్ళో రాయి గట్టిది, ఏ ఊళ్ళో ఏ ఇంటివాళ్ళు మజ్జిగ పోసేవాళ్ళు, ఏ ఊళ్ళో అరుగు మీద కూడా కూర్చోనివ్వరు అన్నీ చెప్పాడని, అవి పేపర్లో పెడితే పేజీలు ఎక్కువవుతాయని సారు తీసెయ్యమన్నాడని చెప్పింది.

ఆ కాగితాలు ఎక్కడున్నాయి అంటే బ్యాగులోంచి తీసింది. రూళ్ళ నోటుబుక్కు, నీలం ఇంకు. ఊరి పేరు, రాయి, ఇల్లు, మాట. అరుగు ఎక్కనివ్వని ఊళ్ళకు పక్కన చిన్న గీత పెట్టుకుంది. వాటిలో రెండు సాయిబుల ఊళ్ళే. ఆ రెండింటినీ కొట్టేసి మళ్ళీ రాసినట్టుంది. వచ్చే సెలవుల్లో నానిని అడుగుతానంది, దాదా లేనప్పుడు.